ఓబుళప్ప చెవికి అందిన తీగ

ధర్మవరంలో మా భజన గుంపుకు హార్మోనియం వాయించేవాణ్ణి నేను. కాబట్టి గిటారంటే నాకు గిట్టదని ముందే చెప్పేస్తున్నాను.

మా గుంపులో తత్వాలు ఎత్తుకునేది ఓబుళప్ప. మరమగ్గాల షెడ్డులో వయసంతా కరగదీసిన మనిషి. ఈ మధ్య పాట బాగానే మొదలుపెడతాడు గానీ, రెండో చరణానికల్లా శ్రుతిదొక దారి, ఆయనదొక దారి. తాళాల మోతలో నేను హార్మోనియం ఎంత గట్టిగా పలికించినా లాభం లేదు.

పెనుకొండలో భజన పోటీ దగ్గరికొచ్చింది. గుంపు పెద్ద చంద్రశేఖర్ ఈసారి ఓబుళప్పను వెనక కూర్చోబెట్టి గుంపులోనే ఇంకో పాటగాడు ఎల్లప్ప చేత పాడిద్దామన్నాడు. ఓబుళప్ప ఇంటికి పోయి అన్నం మానేశాడు. ఆయనకు బతుకులో రుచి ఉన్నదల్లా ఆ పాటలోనే.

సంగతి తెలిసి కూతురు రేఖ హిందూపురం నుంచి వచ్చింది. అక్కడ ఆర్కెస్ట్రాలో కరెంటు గిటారు వాయిస్తుంది. నాయన పక్కన కూర్చుని తాను శ్రుతి అందిస్తానని, అప్పటికీ కుదరకపోతే ఎల్లప్ప చేతే పాడించమని అడిగింది. చంద్రశేఖర్ మొహమాటానికి ఒప్పుకున్నాడు.

సాధనకు కూర్చుని ఆ పిల్ల తీగ మీటగానే నా పళ్ళు జివ్వుమన్నాయి. స్టేజీ మీద డ్రమ్ములను దాటి వినపడాలంటే సౌండు అంత పదునుగా పెట్టుకోవాలట. తీగల కింద పికప్‌లని ఉంటాయి, తీగ అదురును పట్టి స్పీకరుకు పంపేవి. తీగలు కట్టిన కొస దగ్గరది సన్నగా, పదునుగా పలుకుతుంది. మెడ దగ్గరది లావుగా పలుకుతుంది. ఏది పలకాలన్నది ఒక స్విచ్చి చేతిలో ఉంటుంది. టోన్ నాబ్ తిప్పి తగ్గిస్తే ఉన్న పదును కూడా పోతుంది. ఇదంతా నేను అడక్కుండానే ఆమె చెప్పింది.

ఓబుళప్ప పాడాడు, తప్పాడు. రేఖ సౌండు పెంచింది. మళ్ళీ తప్పాడు. ఎల్లప్ప గొంతు సవరించుకున్నాడు.

రేఖ కాసేపు తండ్రి మొహంలోకే చూసింది. స్విచ్చిని మెడ వైపుకు తోసి, టోన్ పూర్తిగా తగ్గించి, లావు తీగను మీటింది. మాకైతే దుప్పట్లో దూరి మాట్లాడినట్టు వినపడింది. ఓబుళప్ప మాత్రం చటుక్కున తల తిప్పాడు. ఈసారి చివరి చరణం దాకా ఒక్కచోట తప్పలేదు. ఎవరినీ మెచ్చుకోని చంద్రశేఖర్, పెనుకొండలో ఓబుళప్పే పాడతాడని తేల్చేశాడు.

మేమంతా లేవబోతుంటే ఓబుళప్ప కూతుర్ని అడిగాడు.

"ఇదేనా పాపా, నువ్వు వాయించేది?"

"ఔ నాయనా. ఎన్నిసార్లు వినలేదు నువ్వు?"

నిజమే. రేఖ ప్రోగ్రాము ఎక్కడున్నా ముందు వరసలో కూర్చుని తల ఊపే మనిషి ఆయన. నేనే కళ్ళారా చూశాను.

"మగ్గాల మోతకు చెవులు ఎప్పుడో చెడినాయి పాపా, సన్న పలుకు అందదు. నువ్వు వాయిస్తాంటే డ్రమ్ముల టకటక తప్ప నాకేమీ వినపడ్తా ఉండ్లా. నువ్వేమో నా పక్కే చూస్తాంటివి. బాగుండాదని చెప్తా వచ్చినా."

రేఖ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. లేవబోయినవాణ్ణి నేను మళ్ళీ కూర్చున్నాను.

ఓబుళప్ప చాప మీద స్పీకరు దగ్గరికి జరిగాడు.

"నువ్వు మొట్టమొదట నేర్చుకున్నేది వాయించు. ఆడినుంచి రా" అన్నాడు.