గేటు దాటించిన చెయ్యి

కూతురికి జడలు వేస్తున్నంతసేపూ ఆమె తన కుడి చెవి అటే తిప్పి ఉంచేది. ఎడమ చెవి మొగుడి దెబ్బలకి ఏనాడో పోయింది. పిల్ల చెప్పే బడి కబుర్లు ఒక్కటీ వదులుకోవడం ఆమెకి ఇష్టం లేదు.

ఆ బడి ఊళ్ళో అన్నిటికన్నా ఖరీదైంది. గోడల నిండా అద్దాలు, ఈతకొలను, తెల్ల గుర్రం. చేర్పించే రోజున హెడ్‌మిస్ట్రెస్ గేటు బయటే నిలబడి దాపరికం లేకుండా చెప్పింది.

"కొట్టం అని అబద్ధమాడనండీ, కొడతాం. కాని దెబ్బ పిల్లకి తగలదు. చెయ్యి పట్టుకుని ఈ గేటు దాటించినవాళ్ళకి తగులుతుంది. ఎవరు కొట్టినా, ఎక్కడ కొట్టినా అంతే. చిన్నా పెద్దా తేడా లేదు. ఆ చేర్పించినవాళ్ళే వచ్చి పేరు తీసెయ్యమని నోటితో చెప్పేదాకా."

తెలివైన మగాళ్ళు ఆ పని భార్యలకి వదిలేశారు. ఈమె మొగుడు మాత్రం వాచిన మొహంతో ఉన్న పెళ్ళాన్ని బయటే ఆపేసి, కార్లవాళ్ళ ముందు దర్జాగా కూతుర్ని తనే నడిపించుకెళ్ళాడు.

అతనిది ఇనప సామాను కొట్టు. బేరం మధ్యలో ఉన్నట్టుండి చెంప ఛెళ్ళుమనేది.

"ఏ క్లాసండీ?" అని అడిగేవాడు మేకులు కొనడానికొచ్చిన కాంట్రాక్టరు.

"రెండు."

"అయితే ఎక్కాలే. మావాడికీ ఇవాళ అవే," అని వాచిన తన వేళ్ళు చూపించేవాడు.

ఒక సాయంత్రం పిల్ల నీళ్ళు ఒలికించిందని అతను చెయ్యి విసిరాడు. పిల్ల కళ్ళు మూసుకుంది. పగిలింది అతని పెదవి. రక్తం తుడుచుకుని పెళ్ళాం వైపు తిరిగాడు. ఆ రోజు నుంచి పిల్ల వంతు కూడా ఆమెకే పడింది. డొక్కలో తన్నేవాడు, జుట్టు పట్టి తలని గోడకేసి బాదేవాడు. ఒళ్ళు హూనమైనా, స్నానం చేయించేటప్పుడు పిల్ల వీపు నున్నగా కనిపిస్తే ఆమెకి ప్రాణం లేచొచ్చేది.

చివరికి అతనికి విసుగెత్తింది.

"ఏముందే ఆ బళ్ళో కొత్తగా? అవే ఎక్కాలు, అవే బెత్తాలు. ఇప్పుడే వెళ్ళి పేరు తీయించేస్తా. ఎవరి తన్నులు వాళ్ళే తింటారు."

ఆమె చెప్పులేసుకుని వెనకే పరుగెత్తింది. ఇన్నేళ్ళ కాపురంలో తను వద్దన్న పని అతను చెయ్యకుండా ఊరుకున్నది లేదని దారిలో గుర్తొచ్చింది.

గేటు దగ్గర ఆగిపోయింది. "నేను లోపలికి రాను."

"ఏంటీ?"

"రానంటే రాను. నన్ను మాత్రం ఈ గేటు దాటించకండి."

"నువ్వా నాకు చెప్పేది?" అంటూ అతను ఆమె చెయ్యి మెలిపెట్టి పట్టుకుని, బరబరా ఈడ్చుకుంటూ లోపలికి లాక్కెళ్ళాడు. అనుమానం రాకుండా ఆమె కాస్త పెనుగులాడింది. లోపలికి రాగానే పెనుగులాట ఆపి, తిన్నగా నిలబడి అతని కళ్ళలోకి చూసింది.

ఆ చూపుకి అతనికి ఒళ్ళు మండిపోయింది. గేటు గడియకున్న ఇనప కడ్డీ ఊడబీకి, ఉన్న బలమంతా పెట్టి ఆమె దవడ మీద కొట్టాడు.

ఎముక విరిగిన చప్పుడైంది. అతను కుప్పకూలాడు. పళ్ళు రక్తంతో పాటు గచ్చు మీద రాలాయి. ఏదో చెప్పబోయాడు. విరిగిన దవడ మాట పెగలనివ్వలేదు.

హెడ్‌మిస్ట్రెస్ బయటికొచ్చి, అతన్ని దాటుకుని ఆమె దగ్గరికి వచ్చింది.

"ఏ క్లాసులో కూర్చుంటారమ్మా?"

"రెండో క్లాసులో. మా అమ్మాయికి ఎడమ పక్కన," అందామె. "నా కుడి చెవి దానివైపు ఉంటుంది."