మణి గోడ ప్రదక్షిణ

కంకరలో రంగు కనబడింది యాంగ్‌జోమ్‌కి. ఎర్రటి రంగు.

ఈ కొండల్లో ఏ రాయి పగిలినా లోపల బూడిద రంగే ఉంటుంది. అలాంటిది, రాళ్లు నలగ్గొట్టే క్రషర్ కింద పోసిన కుప్పలో అక్కడక్కడా ఎర్రటి పెచ్చులు, ఆకుపచ్చ పెచ్చులు, ఒకచోట పసుపు. వంగి ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. వేలితో రుద్దింది. ఆ ఎరుపు ఆమెదే. తనే నూరి, తనే జిగురు కలిపి, తనే కుంచెతో అద్దిన ఎరుపు. భర్త చక్‌దోర్ రాళ్ల మీద అక్షరాలు చెక్కుతాడు, ఆమె రంగులేస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే బతుకు. చదువు రాదు గానీ, ఏ అక్షరానికి ఏ రంగో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

తలెత్తి చూసింది. మణి గోడ చివర లేదు.

ద్రక్‌మర్ ఊరు తరతరాలుగా పేర్చుకుంటూ వచ్చిన గోడ అది. ఊళ్లో ఎవరు పోయినా ఒంటిని పైనున్న గుట్ట మీద రాబందులకు ఇచ్చేస్తారు. సమాధి ఉండదు, బూడిద ఉండదు. వాళ్ల పేరు మీద 'ఓం మణి పద్మే హూం' మంత్రం చెక్కిన రాయి ఒకటి గోడ చివర చేరుతుంది. మనిషి గుర్తుగా ఈ లోకంలో మిగిలేది అదొక్కటే. పాత రాళ్లు మొదట్లో, కొత్తవి చివర్లో. రోడ్డుకి కంకర కోసం వచ్చిన లోడరు చివర నుంచే తినడం మొదలుపెట్టింది. కడుపుకోత ఇంకా ఆరని ఇళ్లవాళ్ల రాళ్లే ముందు పోయాయి. కాన్పు కష్టమై, ఆసుపత్రికి మోసుకుపోతుంటే దారిలోనే కన్నుమూసిన ద్రోల్‌కర్ రాయీ అక్కడే ఉండేది. ద్రోల్‌కర్ యాంగ్‌జోమ్‌కి ఒక్కగానొక్క కూతురు.

లోడరు ఇంకోసారి రాళ్లెత్తింది.

"ఆపండయ్యా! మీ చేతులు పడిపోను, ఆపండి!" గుండెలు బాదుకుంటూ అడ్డం పరిగెత్తింది.

కాంట్రాక్టర్ చియెన్ జీపు దిగాడు. చేతిలో టీ ఫ్లాస్కు. పిల్లలకు చెప్పినట్టు నవ్వుతూ చెప్పాడు. "ఎందుకమ్మా ఆ ఏడుపు? ఊరికే పడున్న రాళ్లేగా. రోడ్డు ఎవరి కోసం? మీ కోసమే. రేపు జబ్బు చేస్తే గంటలో ఆసుపత్రికి పోతారు."

"నా బిడ్డని కింద పరిచి, దాని మీద నన్ను ఆసుపత్రికి పొమ్మంటావా?"

చియెన్ నవ్వు ఆగిపోయింది. ఆ రోడ్డు ఆసుపత్రి వైపు పోదని ఊళ్లో పశువులకు కూడా తెలుసు. అది పైన రాగి గనికి పోతుంది. క్రషర్ దగ్గరున్న కూలీ మాత్రం తల ఎత్తలేదు. లావో ఫు అంటారతన్ని. ఎక్కడో దిగువన, వరిపొలాల దేశం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు. రాతి దుమ్ముకి దగ్గీ దగ్గీ మనిషి సగమయ్యాడు. యాంగ్‌జోమ్ కంకరను ఒడిలో నింపుకుంటుంటే చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా పెద్దాయన ఖెద్రుప్ ముంగిట్లో చేరింది.

"అర్జీ పెడదాం. పై అధికారులకు తెలిసుండదు" అన్నాడు ఖెద్రుప్.

"తెలియకుండానే లోడరు వచ్చిందా తాతా? రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చిందా?" అంది నోర్‌జిన్. యాంగ్‌జోమ్ చెల్లెలి కూతురామె. పట్నంలో టీచరు ట్రైనింగ్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చింది. "గని వచ్చినప్పుడు మేత పోయింది. అర్జీ అన్నావు. వాగు నీళ్లు తాగి యాక్‌లు చచ్చినయ్. అప్పుడూ అర్జీయే అన్నావు. ఇప్పుడు చచ్చిపోయినోళ్లని కూడా లోడరుతో ఎత్తుకుపోతన్నారు. ఇంకా ఏం మిగిలిందని భయం?"

"బతికున్నోళ్లు మిగిలారే, మీరంతా మిగిలారు!" ముసలాయన అరిచాడు. "నీకేం పిల్లా, సెలవులైపోతే బస్సెక్కుతావు. తన్నులు తినేది మేం. నా తమ్ముణ్ణి పోలీసులు తీసుకుపోయిన రోజున నువ్వు పుట్టలేదు."

"లోడరు కింద పడుకుందాం" అన్నారు పశువుల కాపర్లు.

"పడుకో, లేవకుండా చేస్తారు. గుంపు కూడితే జైలని చావడి గోడ మీద రాసిపెట్టారు గదా!" అన్నాడు ఖెద్రుప్.

అరుపులు, ఏడుపులు, తిట్లు. చక్‌దోర్ ఒక మూల కూర్చుని చేతులకంటిన రాతి పొడి దులుపుకుంటున్నాడు. సంవత్సరానికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. తల వంచుకునే అడిగాడు.

"ప్రదక్షిణకు కూడా జైలేనా?"

అందరూ అతని వైపు తిరిగారు.

"పొద్దున్నే నేను గోడ చుట్టూ తిరుగుతా. మీలో సగం మంది తిరుగుతారు. ఎవరన్నా పట్టుకున్నారా? లేదు. రేపు అందరం తిరుగుదాం. మధ్యలో సందు లేకుండా తిరుగుదాం. మనుషుల్లోంచి లోడరు ఎట్టా వస్తదో నేనూ చూస్తా."

ముసలి ల్హాజోమ్ కర్ర నేలకేసి కొట్టింది. "నా మోకాళ్లు ఒప్పుకోవు గానీ, ఆ లోడరు కంటే నేనే లావుంటా. దారికి నన్ను అడ్డం పెట్టండర్రా!"

అంత దుఃఖంలోనూ అందరూ నవ్వారు. ఖెద్రుప్ నవ్వలేదు. కానీ తెల్లవారి గోడ దగ్గరికి జపమాలతో వచ్చినవాళ్లలో అతనూ ఉన్నాడు.

ఊరు తిరగడం మొదలుపెట్టింది. గోడ కుడిచేతి వైపు, వాగు ఎడమచేతి వైపు. చంటిపిల్లల్ని వీపున కట్టుకున్న తల్లులు, కాపర్లు, వంటలొదిలేసి వచ్చిన కోడళ్లు. బార్లీ పిండి ముద్ద నడుస్తూనే నోట్లో వేసుకున్నారు. అలిసినవాడు పక్కకు తప్పుకుంటే ఇంకొకరు ఆ చోట్లో దూరారు. లోడరు గురగురమంటూ నిలబడిపోయింది. కాంట్రాక్టర్ బతిమాలాడు, బెదిరించాడు, ఆఖరికి ఫోను పట్టుకున్నాడు. ల్హాజోమ్ మాత్రం అందరికంటే వెనక, కర్ర పొడుచుకుంటూ, ఊరంతటినీ ఆటపట్టిస్తూ నడిచింది.

పోలీసు వాహనాలు వచ్చాయి. అధికారి కుర్రవాడే, కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. "మీ నాయకుడెవడు?" అని అరిచాడు.

"గుండ్రంగా తిరిగేటోళ్లలో ముందెవరు నాయనా, వెనకెవరు?" అంది ల్హాజోమ్. "నా మోకాళ్లనడిగితే మాత్రం నేనే వెనక."

జనం నవ్వారు. ఆ నవ్వు అధికారి ముఖానికి కొట్టినట్టు తగిలింది. మర్నాడు పొద్దున, జనం సగం చుట్టులో ఉండగా, గోడకూ వాగుకూ మధ్య దారికడ్డంగా ఇనప కంచె దించారు. కంచె వెనక లాఠీలు.

"వెనక్కి తిరగండి!"

ఎవరూ తిరగలేదు.

ధైర్యమని అనుకునేరు. కాదు, అప్పటికింకా కాదు. మణి గోడను ఎడమచేతి వైపు పెట్టుకుని నడవడం ఆ మనుషులకు చేతకాదు. పోయినవాళ్ల కోసం వేసిన అడుగులన్నిటినీ చేజేతులా చెరిపేయడమది. పసిపిల్లలు ఆటల్లో కూడా అట్లా తిరగరు. అందుకని కంచె ముందు గొర్రెల్లా ఇరుక్కుని నిలబడిపోయారు. వెనకనుంచి వచ్చేవాళ్లు వచ్చి చేరుతున్నారు. గుంపు చిక్కనవుతోంది. అధికారి కళ్లకు అది తిరుగుబాటులా కనబడింది.

ముందున్నది చక్‌దోర్. "ముందుకు పోనియ్యండి సార్. ఈ చుట్టు పూర్తి చేసుకుని ఇళ్లకు పోతాం. వెనక్కి మాత్రం పోలేం."

నోర్‌జిన్ అధికారి భాషలో గొంతు చించుకుని చెప్పింది. "సార్, ఇది మొండితనం కాదు! మా పద్ధతి! ముందుకు వదిలితే వాళ్లే పోతారు!"

"పోలేం అంటున్నాడా? నాతోనా?"

ఈల మోగింది. మొదటి దెబ్బ చక్‌దోర్ చేతుల మీద పడింది. ఉలి పట్టే చేతుల మీద. అతను తల అడ్డం పెట్టుకోలేదు, చేతులు కడుపులోకి దాచుకున్నాడు. వెనక యాంగ్‌జోమ్ అతని నడుం పట్టుకుని వేలాడింది. ఆమె పట్టు విడిపించి అతన్ని ఈడ్చుకుపోయారు. వ్యానెక్కించేటప్పుడు అతను వెనక్కి చూసి, "రంగులు ఎండలో పెట్టొద్దు, మూత బిగించు" అన్నాడు. ఎందుకన్నాడో దేవుడికే ఎరుక. ఇల్లు గుర్తొచ్చిందేమో. అదే ఆఖరి మాట.

పై వారం పోలీసులు యాంగ్‌జోమ్‌ని పిలిచి రేకు డబ్బా ఒకటి ఇచ్చారు. గుండె ఆగి పోయాడన్నారు. ఒంటిని తామే కాల్చేశామన్నారు.

యాంగ్‌జోమ్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని పోలీసుస్టేషన్ మెట్ల మీద కూర్చుంది. కొండంత మనిషి. గుమ్మంలో వంగి రావాల్సిన మనిషి. టీ డబ్బా అంత దాన్లో పట్టాడు. ఆమెకు ఏడుపు రాలేదు. "పక్షులకేం పెట్టను?" అని వచ్చేపోయేవాళ్లను అడిగింది. "చెప్పండయ్యా, పక్షులకేం పెట్టను?"

అయినా ఆ డబ్బాను గుట్ట మీదికి తీసుకుపోయారు. పద్ధతి పద్ధతే. దేవదారు ఆకుల పొగ వేశారు. పొగ చూసి రాబందులు వచ్చాయి. ఎప్పటిలాగే చుట్టూ వాలి, రెక్కలు ముడుచుకుని ఎదురుచూశాయి. ఆ బూడిదను బార్లీ పిండిలో కలిపి యాంగ్‌జోమ్ తన చేత్తో చల్లింది. ఒక పక్షి దగ్గరికొచ్చి, వాసన చూసి, వెనక్కి జరిగింది. ఇంకొకటి అట్లాగే చేసింది. ఒక్కొక్కటే లేచి ఎగిరిపోయాయి.

అప్పుడు ఏడ్చింది యాంగ్‌జోమ్. కూతురు పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. మనిషి ప్రాణం తీశారు, సరే. చచ్చినవాడి చేత, ఒంటిని పక్షులకిచ్చే ఆఖరి దానం కూడా చేయనివ్వలేదు. ఖెద్రుప్ ఆమె పక్కన కూలబడి, "నా తమ్ముడిది ఈ డబ్బా కూడా ఇవ్వలేదమ్మా" అన్నాడు. అన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ అని ఎరగడు.

గుట్ట దిగి వస్తుంటే నోర్‌జిన్ మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, పెదనాన్న రాయి ఎవరు చెక్కుతారు?"

అందరి కాళ్లూ ఆగిపోయాయి. ఊళ్లో చెక్కేవాడు ఒక్కడే. ఆ ఒక్కడే పోయాడు.

యాంగ్‌జోమ్ ఇంటికి వెళ్లి, గోనెపట్టా కింద నుంచి ఉలీ సుత్తీ బయటికి తీసింది. వాగొడ్డున పలక రాయి చూసుకుని కూర్చుంది. ఆమె ఎన్నడూ చెక్కలేదు. కానీ ఎన్నేళ్లు ఆ గాట్లలో కుంచె నడిపింది! అక్షరం ఎక్కడ లోతవుతుందో, ఎక్కడ వంపు తిరుగుతుందో వేళ్లకు తెలుసు. మొదటి దెబ్బ జారి బొటనవేలు చితికింది. చించిన గుడ్డ చుట్టుకుని మళ్లీ కొట్టింది. అక్షరాలు వంకరపోయాయి. మూడోది మరీ చిన్నదయింది.

"నాకో ఉలి ఇయ్యి" అన్నాడు ఖెద్రుప్, ఎదురుగా కూర్చుంటూ.

"మామా, నీకు కళ్లు కనబడవు గదా."

"కనబడకపోతే తడిమి కొడతా. నేను అర్జీలు రాసిన చేత్తో ఇది కూడా రాయనీ."

ఉలి లేనివాడు మేకు తెచ్చాడు, గొడ్డలి తెచ్చాడు. కాపర్లు, కోడళ్లు, ముసలి ల్హాజోమ్, ఊరంతా వాగొడ్డున కూర్చుని రాళ్లు కొట్టారు. యాంగ్‌జోమ్ అందరి మధ్యా తిరుగుతూ రంగులు పంచింది. చక్‌దోర్ చూస్తే ఆ పనితనానికి నెత్తి బాదుకునేవాడు.

పొద్దు పొడిచేసరికి ఊరు కదిలింది. ఒక్కొక్కరి వీపు మీద ఒక్కొక్క రాయి, రంగులింకా తడి. గోడ కుడిచేతి వైపు పెట్టుకుని నడిచారు.

వాళ్లను చూసి లావో ఫు క్రషర్ ఆపేశాడు. కొన్ని వారాలుగా చెవుల్లో మోగుతున్న రొద ఒక్కసారిగా పోయింది. వాగు చప్పుడు వినబడింది.

"ఎందుకాపావురా?" చియెన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చెడింది?"

"మిషన్ బాగానే ఉంది" అన్నాడు లావో ఫు, దగ్గుతూ. "నేను తిప్పను." చేతికి తొడుక్కున్న గుడ్డ తొడుగులు విప్పి కంకర కుప్ప మీద పడేసి, ఒడ్డున పోయి కూర్చున్నాడు.

కంచె అక్కడే ఉంది. లాఠీలూ అక్కడే ఉన్నాయి.

"వెనక్కి తిరగండి!"

ఈసారి ధైర్యమే. పోయినసారి కాళ్లకు తెలిసింది ఈసారి గుండెకు తెలుసు. యాంగ్‌జోమ్ కంచె దాకా నడిచి, వీపు మీది రాయి దించి, కంచె అడుగున నిలబెట్టింది. "ఇదిగో, నా మొగుడు" అంది. "చెయ్యి పట్టి ఈడ్చుకుపోతావా? ఈసారి బరువున్నాడు."

ఆమెను పట్టుకున్నారు. తడి రంగు అధికారి చొక్కా చేతులకంతా అంటుకుంది. ఆమె చోట్లోకి ఖెద్రుప్ వచ్చి తన రాయి దించాడు. అతన్నీ పట్టుకున్నారు. నోర్‌జిన్ వచ్చింది. కాపర్లు వచ్చారు. దించిన రాయి మీద రాయి. కంచె కాళ్లు కనబడటం మానేశాయి. వ్యాను నిండింది, రెండో వ్యాను నిండింది. తలుపు మూసి అధికారి నుదురు తుడుచుకున్నాడు. నుదుటికి కూడా ఎరుపంటింది. దారి ఖాళీ అయింది.

వ్యాను కిటికీ జాలీకి ముఖం ఆనించి యాంగ్‌జోమ్ చూస్తోంది. అయిపోయిందా? ఇంతేనా?

టక్, టక్ మని కర్ర చప్పుడు. అందరికంటే వెనకబడ్డ ముసలి ల్హాజోమ్ గోడ మలుపు తిరిగి వస్తోంది. వీపున రాయి, నోట్లో జపం, మోకాళ్ల మీద తిట్లు. ఆమె వెనక, కబురు తెలిసి పక్క లోయ నుంచి రాళ్లు మోసుకుంటూ బయల్దేరిన జనం. మలుపు అవతల ఎంతమంది ఉన్నారో ఇక్కడికి కనబడటం లేదు.

ల్హాజోమ్ కంచె ముందు ఆగి, ఎర్రబడ్డ అధికారి ముఖం వైపు తలెత్తింది.

"జరుగు నాయనా" అంది. "చుట్టు ఇంకా పూర్తి కాలేదు."