తాళంచెవి తిరిగిరాని గది

నేను ఒక గదిని. నాకు గుమ్మం లేదు, కిటికీ లేదు, ఆ మాటకొస్తే గోడలు కూడా లేవు. ఒక డయాలిసిస్ యంత్రం పొట్టలో, బొటనవేలి గోరంత నల్లటి చిప్పులో, నాలాంటి గదులు లక్షా ముప్పై ఒక్క వేల డెబ్బై రెండు ఉన్నాయి. అన్నిటినీ కలిపి మెమరీ అంటారు. గదులన్నీ ఒకే కొలత. చిన్న పని మీద వచ్చినవాడికీ ఒక గది ఇస్తారు, పెద్ద పని ఉన్నవాడు పదో పాతికో తీసుకోవాలి.

మాలో దిగేవి ప్రోగ్రాములు. ఏ గది ఎవరికివ్వాలి, ఎవరు ఖాళీ చేశారు అని చూసుకునే పెద్దమనిషి పేరు కెర్నెల్. ఒకరు వెళ్లిపోగానే తాళంచెవులు పుచ్చుకుని, గదిని మూలమూలకూ సున్నాలతో కడిగేసి, వెనకొచ్చినవాడికి అప్పగిస్తాడు. పాతవాడి వాసన కూడా కొత్తవాడికి తగలకూడదు. అదీ ఆయన పట్టింపు.

అన్నీ కడిగేస్తే నీ ఆత్మకథ నీకెలా గుర్తుందని మీరు నిలదీయవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు గుర్తున్నది ఈ ఒక్క రోజే. అది ఎలా మిగిలిందో చెప్పడానికే ఈ కథంతా. అంతకుముందు సంగతులు ఈ వేళ నా చుట్టూ ఉన్న మనుషులు చెప్పుకుంటుంటే విన్నాను. సాయంత్రం ఆరింటికి యంత్రం స్విచ్ కట్టేస్తారు కాబట్టి గబగబా చెబుతాను.

కెర్నెల్ చిట్టా ప్రకారం, పొద్దున్న ఏడింటికి యంత్రం లేవగానే నాలో దిగింది కంపెనీవారి బొమ్మ. తెర మీద అది గిరగిరా మూడు చుట్లు తిరగడానికి మాలో రెండు వందల గదులు కావాలి. మనిషి నాడి రాసుకోవడానికి ఒక్క గది చాలు. మనుషుల ముచ్చట్లు అలా ఉంటాయి. బొమ్మ వెళ్లాక అలారం కూత వచ్చింది. మంచి అద్దెదారు, కుక్కిన పేనులా పడి ఉంది. తొమ్మిదిన్నరకు పంపును కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాము దిగింది. దానితోబాటు మంచం మీదికి దండాసి వచ్చాడు.

దండాసికి యాభై ఆరేళ్లు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ ఊళ్లోనే బస్టాండు పక్క లాడ్జిలో ఇరవై ఏళ్లు రూమ్‌బాయ్‌గా చేశాడు. కిడ్నీలు పాడయ్యాక వారానికి రెండుసార్లు నాలుగేసి గంటలు ఈ ఆసుపత్రిలో పడుకుంటాడు. పడుకోవడమంటే ఊరికే కాదు, కనిపించిన ప్రతిదాని పుట్టుపూర్వోత్తరాలూ అడుగుతాడు. ఈ వేళ ఆయనకు దొరికింది హైమావతి. యంత్రం కెర్నెల్ రాసే అమ్మాయి, విశాఖపట్నం నుంచి వచ్చింది. మంచం పక్క స్టూలు మీద, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

"ఆ చిప్పు దేంతో సేత్తారు పాపా?"

"ఇసకతో బాబాయ్. కరిగించి, శుద్ధి చేసి."

"మన సముద్రం ఇసకేనా?"

"కాదు, వేరే దేశంది."

"ఇసక కూడా పై దేశం నుంచే తేవాల్సొచ్చిందా!" అని దండాసి నిజంగానే చిన్నబుచ్చుకున్నాడు. నా పుట్టుక గురించి నేను విన్నది అంతే.

పెద్ద సంగతి సలోమి సిస్టర్ చెప్పింది. సెలైన్ సీసాలు సర్దుతూ, మొన్నటి నెల ఏం జరిగిందో హైమావతికి ఇంకోసారి వినిపించింది. ఇదే యంత్రం, ఇదే దండాసి. సగం వైద్యం అయ్యాక తెర నల్లబడి పంపు ఆగిపోయింది. పావు లీటరు రక్తం ట్యూబుల్లో నిలబడింది. రక్తం నిలబడితే నిమిషాల్లో గడ్డకడుతుంది.

"పక్కనున్న చేతిపిడి తగిలించి తిప్పానమ్మా. తిప్పీ తిప్పీ రక్తం మొత్తం ఆయన ఒంట్లోకి పంపేసరికి నా రెట్ట పడిపోయింది. ఈయనేమో, 'సిస్టరూ, నిమిషానికెన్ని సుట్లు తిప్పాల?' అని అడుగుతున్నాడు!"

"భయానికడిగాను," అన్నాడు దండాసి. "నోరు ఊరుకుంటే ఏడుపొచ్చీలాగుంది."

ఆ రోజు మిగిలిన రెండు గంటల వైద్యం పోయి, ఆయన రెండు రాత్రులు ఆయాసంతో కూర్చునే ఉన్నాడట.

ఇంతకీ జరిగిందేమిటి? పంపును కనిపెట్టే ప్రోగ్రాము రెండు గంటలకోసారి గది ఖాళీ చేసి వెళ్తుంది, కొత్తది దిగుతుంది. దాని గదికి రెండు తాళంచెవులు. ఒకటి దాని దగ్గర, రెండోది పంపును నడిపే సర్క్యూట్ పలక, అంటే పంపు కార్డు దగ్గర. వేగం ఎంతుందో, నాడి ఎంతుందో కార్డు నేరుగా గదిలోకి వచ్చి రాసిపోతుంది. ఆ రోజు ప్రోగ్రాము తాళంచెవి ఇచ్చి వెళ్లింది కానీ కార్డు ఇవ్వలేదు. తీగలో లోపమో, కార్డు బద్ధకమో, ఇప్పటికీ వెతుకుతున్నారు. తాళంచెవి బయట ఉండగా గది ఇంకొకరికి ఇస్తే, కార్డు ఏ నిమిషాన్నయినా జొరబడి వాళ్ల సామాను మీద తన రాతలు రాసేస్తుంది. అందుకని కెర్నెల్ తనకు చెప్పిన పనే చేశాడు. మొత్తం యంత్రాన్ని ఆపేశాడు.

అలా చేయమని రాసింది హైమావతికి పని నేర్పిన చయనులు గారు. పదకొండేళ్ల కిందట, యంత్రం ఇంకా వర్క్‌షాపు బల్ల మీద ఉప్పునీళ్ల బకెట్టుకు తగిలించి ఉన్న రోజుల్లో రాశారు. బల్ల మీద అది మంచి పద్ధతి. ఎక్కడివక్కడ ఆపేస్తే తప్పు చేసినవాడు చేతికి దొరుకుతాడు. పైన ఒక వ్యాఖ్య కూడా పెట్టారు: 'ఇది జరగదు. జరిగితే అన్నీ ఆపెయ్యి.' బకెట్టు పోయి మనిషి వచ్చాడు, వాక్యం మాత్రం అక్కడే ఉండిపోయింది. జరగదు అని రాసి ఉన్నచోట రెండోసారి ఎవరు చూస్తారు?

ప్రమాదం జరిగిన నాలుగో రోజు హైమావతి మొదటిసారి ఇక్కడికి వచ్చి, తల వంచుకుని, దండాసికి ఉన్నదున్నట్టు చెప్పింది. గదులు, తాళంచెవులు, కెర్నెల్, అన్నీ. ఆయన సాంతం విని తెల్లబోయాడు.

"ఒక్క గది తాళంచెవి రాకపోతే లాడ్జి మూసీడమేటి పాపా? మా లాడ్జిలో నెలకొకడు తాళంచెవి జేబులో ఎట్టుకు ఎల్లిపోయీవోడు. ఆ గదికి మన తాళంకప్ప ఇంకోటి ఏసీసి, బోర్డు మీద గీత గీసి, మేనేజరుకి సెప్పీవోళ్లం. మిగతా గదుల్లో జనం ఉంటారు కదా!"

"ఆ గది ఊరికే పోతుంది కదా బాబాయ్?"

"పోతే పోద్ది. గదే కదా, మనిషి కాదు."

ఆ మాట పట్టుకుని ఆమె చయనులు గారితో వారం రోజులు వాదించింది. శుభ్రం చేయని గదిని మూసిపెట్టి పని సాగించడమంటే చెత్త చాప కింద తోయడమేనని ఆయన అన్నారు. చాప కింద తోయడం లేదు సార్, చాప మీద రాసి మరీ పెడుతున్నానని ఆమె అంది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఒక రోజులో మూడు గదులు మూతపడితే, నడుస్తున్న వైద్యం పూర్తిచేసి, కొత్త మనిషికి మాత్రం యంత్రం పెట్టకూడదు. వర్క్‌షాపులో మూడు వారాలు పరీక్షించారు. తాళంచెవి రాకుండా వాళ్లే చేసినప్పుడల్లా పంపు ఆగలేదు. కార్డు మాత్రం తనంతట తాను ఒక్కసారీ మొండికెయ్యలేదు. కొత్త కెర్నెల్ పెట్టిన యంత్రానికి ఇవాళే మొదటిరోజు. దాని మీద మొదట ఎవరు పడుకుంటారంటే దండాసి చెయ్యెత్తాడు.

"నా మాట మీద మార్సినారు. నేనే తొంగుంటాను."

పదకొండున్నరకు ప్రోగ్రాము గది ఖాళీ చేసింది. తాళంచెవి ఇచ్చింది. కెర్నెల్ కార్డు వైపు తిరిగి రెండోది అడిగాడు. జవాబు లేదు. కాస్త ఆగి మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. ఈసారి ఆ గదిని నేనే. నాలో దండాసి నాడి, పంపు వేగం, కడగని రాతలు అలాగే ఉన్నాయి. తెర మీద పసుపు దీపం వెలగగానే సలోమి సిస్టర్ చెయ్యి చేతిపిడి మీదికి వెళ్లింది. హైమావతి లేచి నిలబడింది, లాప్‌టాప్ ఒళ్లోంచి జారింది. నాకు భయం వేసింది. నా ఒక్కదాని వల్ల మళ్లీ అందరూ ఆగిపోతారేమోనని.

కెర్నెల్ నాకు ఇంకో కప్ప వేశాడు. కార్డుకు నా దారి మూసేశాడు. కొత్త ప్రోగ్రాముకు నా పక్క గది ఇచ్చి, ఒక వాక్యం రాశాడు: 'ఒక గది శుభ్రం కాలేదు. మూసి ఉంచాను. పని సాగుతోంది.'

పంపు ఆగలేదు. ట్యూబులో రక్తం తిరుగుతూనే ఉంది.

"ఏటయింది పాపా?" అన్నాడు దండాసి.

"తాళంచెవి పట్టుకుపోయాడు బాబాయ్," అని హైమావతి వెక్కి వెక్కి ఏడ్చింది. దండాసి నవ్వాడు. సిస్టర్ చేతిపిడి వదలకుండా ఇంకో పది నిమిషాలు అలాగే నిలబడింది. ఆమెకు కెర్నెల్ మీద నాకున్నంత నమ్మకం లేదు, తప్పూ లేదు.

మధ్యాహ్నం చయనులు గారికి ఫోన్ చేశారు. ఆయన పసుపు దీపం ఎన్నింటికి వెలిగిందో అడిగి రాసుకున్నారు. తర్వాత అన్నారు: "జరగదు అన్న మాట తీసెయ్యమ్మాయ్. జరిగిందని రాసి తారీకు వెయ్యి. కార్డు విప్పి తీసుకురా, దాని సంగతి నేను చూస్తాను."

దండాసి చొక్కా వేసుకుంటూ ఆఖరి ప్రశ్న అడిగాడు. "ఆ గదిలో ఏటుండిపోనాది?"

"పదకొండున్నరప్పటి మీ నాడి. డెబ్బై ఎనిమిది."

"మరి రేపటికి?"

"స్విచ్ కట్టేస్తే పోతుంది. రేపు అదీ అన్నిటిలాగే ఖాళీ గది."

ఆయన యంత్రం మీద అరచెయ్యి వేసి, ఎవరినో సాగనంపుతున్నట్టు కాసేపు ఉంచి వెళ్లాడు. పదకొండున్నర నుంచీ నాలోకెవరూ రాలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరి సామాను మోసిన నాకు ఇంత తీరిక కొత్త. ఆ అంకెనే తిరగేసి చూసుకుంటున్నాను. ఇన్ని లక్షల అంకెలు నాలోకి వచ్చి వెళ్లాయి, నాదనుకున్నది ఇదొక్కటే.

ఆరు కావస్తోంది. సలోమి సిస్టర్ చేతులు తుడుచుకుంటూ స్విచ్ దగ్గరికి వస్తోంది. డెబ్బై ఎనిమిది.