మెనూలో తీసేసిన టిక్కు

శాలిబండలో ఏ కంప్యూటర్‌కు జబ్బు చేసినా బాలనర్సింహ దగ్గర ఒకటే మందు: ఫార్మాట్. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టే రకం. ఆ పొద్దున అతను చేతిలో సీడీతో షారోన్ వాళ్లింట్లో దిగాడు.

"మెనూల బొమ్మ మాయమైందంటే సిస్టం ఖరాబైనట్టే నగేషన్నా. గీ లినక్స్ ఎవలు వాడుతరు? అంతా సాఫ్ చేసి విండోస్ ఏస్త."

"ఏసెయ్ భాయ్. నిన్నటి సంది చెల్లె దీన్ని వదుల్తలేదు, నాకు ఆఫీసు పని ఆగిపోతున్నది" అన్నాడు షారోన్ అన్న నగేష్.

"వద్దన్నా! అమ్మ పాటలు అండ్లనే ఉన్నయి!" అని అడ్డం పడింది షారోన్.

వాళ్లమ్మ ఆగమ్మ మంచం మీద కూర్చుని లక్కగాజులకు రాళ్లు అంటిస్తోంది. గొంతు ఆపరేషన్‌కు ముందు ఆమె చేత పాడించి, షారోన్ ఈ కంప్యూటర్‌లోనే రికార్డు చేసింది. ఆపరేషన్ అయ్యాక ఆగమ్మకు మాట పోయింది. ఆ పాటలు రికార్డు చేసిన ప్రోగ్రాంలోనే తెరుచుకుంటాయి. ఆ ప్రోగ్రామే నిన్నటి నుంచి మెనూలో లేదు. పేరు టైపు చేసి తెరవొచ్చు గానీ, ఆ పేరే షారోన్‌కు గుర్తులేదు. రోజూ హెడ్‌ఫోన్ బొమ్మ నొక్కడమే తప్ప కింద పేరెవరు చదివారు?

తోచిన పేరల్లా టైపు చేసింది. ఏదీ తెరుచుకోలేదు.

"లేనిది యాడికెళ్లి తెస్తవ్ చెల్లె? లే, నేనింకో జాగకు పోవాలె" అన్నాడు బాలనర్సింహ.

నగేష్ ఆమెను భుజం పట్టి పక్కకు జరిపాడు. సీడీ లోపలికి పోయింది. డిస్కు మొత్తం చెరిపేయాలా అని తెర అడిగింది. బాలనర్సింహ వేలు ఎంటర్ మీదికి పోయింది.

గాజుల పళ్లెం దబ్బున కింద పడింది. ఆగమ్మ పరుగున వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది.

సీడీ తీయించి, మామూలుగా తెర వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత తనే మౌస్ పట్టుకుని మెనూ సవరించే కిటికీ తెరిచింది. షారోన్ నోరెళ్లబెట్టింది. నగేష్‌కు మెనూలో పేకాట బొమ్మ కనబడకుండా టిక్కు ఎలా తీసేయాలో తల్లికి నేర్పింది తనే. ఆ జాబితాలో హెడ్‌ఫోన్ బొమ్మ పక్కన కూడా టిక్కు లేదు.

"నువ్వే తీసినవా అమ్మా? ఎందుకే?"

ఆగమ్మ గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత రెండు చెవులూ మూసుకుంది.

అమ్మకు ఊరటగా ఉంటుందని రోజూ సాయంత్రం ఆ పాటలు పెట్టింది షారోనే. ఎంత గుడ్డిదాన్నైతిని అని కుమిలిపోయింది.

ఆగమ్మ కూతురి తల నిమిరి, టిక్కు పెట్టి, బొమ్మ నొక్కి, మొదటి పాట తెరిచింది. పాటకు ముందు స్పీకర్లోంచి ఆమె పాత గొంతు అడిగింది:

"బిడ్డా, షురూ అయిందా?"

అయిందన్నట్టు ఆగమ్మ తలూపింది.