మింగేసిన పేజీలు

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానబట్టే ఆవిడకి ఆ నవల లైబ్రరీలో దొరికింది. మంచం పట్టిన అన్నకి ఏళ్ళ తరబడి సేవ చేసిన తమ్ముడు, ఒకరోజు గదికి బయట తాళం వేసి వెళ్ళిపోతాడు. కథ అంతే. కానీ ఆ తాళం పడే చోట వాక్యాలు ఎంత హాయిగా సాగాయంటే, ఆవిడకి ఒళ్ళు జలదరించింది. ఇంట్లో ఆవిడ అక్కా మంచం మీదే ఉంది, చూసుకునేది తనే.

మర్నాడే పుస్తకం తిరిగిచ్చేసింది. వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళి అడిగింది.

"అంత నచ్చిందాండీ?" అన్నాడు లైబ్రేరియన్.

"నచ్చలేదు. రాసినవాడి చెయ్యి విరగ్గొట్టాలనుంది."

"మరెందుకూ?"

ఆవిడ పుస్తకం సంచిలో వేసుకుని వచ్చేసింది. షాపులో తనతో పనిచేసే అమ్మాయికి చెప్పబోతే, "అలాంటివెందుకక్కా? హాయిగా నవ్వించేవి చదువుకోక!" అంటూ మిషన్ ఆన్ చేసుకుంది. ఆ రొదలో మాట తెగిపోయింది. ఈ పుస్తకం గురించి మాట్లాడడానికి తనకంటూ ఒక్క మనిషి లేదని ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది.

ఆదివారం అక్కే అడిగింది. "ఏంటే అది, మొహం అలా పెట్టుకుని చదువుతున్నావ్? పైకి చదువు."

చదివింది. తాళం దగ్గరికొచ్చేసరికి రెండు పేజీలు దాటేసింది.

"ఏదో మింగేశావు," అంది అక్క. "పడిపోయింది కాళ్ళే, చెవులు కాదు. చదవవే."

చదవక తప్పలేదు. పైకి చదివినా వాక్యాలు అందంగానే పలికాయి. అందుకే ఆవిడకి సిగ్గేసింది.

"బాగా రాశాడు వెధవ," అంది అక్క. తర్వాత మెల్లగా, "నీకెప్పుడైనా అలా అనిపించిందా?"

"అనిపించింది."

"నువ్వెళ్ళిపోతే బాగుండునని నాకూ అనిపించిందిలే. నీ సణుగుడు వినలేక."

ఇద్దరూ నవ్వారు.

"పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి, కాసేపు ఎక్కడికైనా వెళ్ళిరా," అంది అక్క.

వెళ్ళింది. వచ్చిన బస్సు ఎక్కి, ఆఖరి స్టాపులో దిగింది. ఎటైనా వెళ్ళొచ్చు. వెళ్ళాలనిపించే చోటు ఒక్కటీ తట్టలేదు. కాసేపు జనంలో నిలబడి, తిరుగు బస్సెక్కింది. ఆ పుస్తకం మంచిదో చెడ్డదో తేల్చుకుందామని చూసింది. తేలలేదు. ఎవరితోనైనా అనుకుందామంటే, దిగేదాకా పక్క సీటు ఖాళీగానే ఉంది.