వెనక మైదానం

వరసగా నాలుగో మ్యాచ్ ఓడిన మర్నాడు ఫుట్‌బాల్ క్లబ్బు ప్రెసిడెంటు నజ్మి, బెద్రిని పిలిపించాడు. క్లబ్బు గదికి కాదు, సిమెంటు వాసన కొట్టే తన సొంత ఆఫీసుకి. నజ్మి కాంట్రాక్టరు. యెల్కోయ్ ఊళ్లో సముద్రం కనబడే ప్రతి కొండ మీదా ఆయన కట్టిన అపార్ట్‌మెంటు ఒకటి ఉంటుంది, సముద్రానికి అడ్డంగా. బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప ఆటలో ఇంకో ముక్క ఆయనకు తెలియదు. అయినా క్లబ్బు ఆయనది. బెద్రి కోచ్, అంతే.

"టీ తాగు బెద్రీ, చల్లారిపోతుంది."

బెద్రి గ్లాసు ముట్టుకోలేదు. ఈ గదిలో టీ వచ్చిందంటే దాని వెనక ఇంకేదో వస్తోందని అతనికి తెలుసు.

"నిన్న జనం ఏమని అరిచారో విన్నావుగా. పాలకవర్గం దిగిపోవాలంట. మా అమ్మని కూడా వదల్లేదు. పాపం, పోయిన మనిషి."

"ఓడిపోయాం కదండీ, అరుస్తారు."

"అరుస్తారు. అందుకే వాళ్ల నోట్లో ఏదో ఒకటి పెట్టాలి. షెరెఫ్‌ని జట్టులోంచి వెలెయ్. కెప్టెన్ మనసు పెట్టి ఆడట్లేదు, మిగతావాళ్లని చెడగొడుతున్నాడు అని విలేకర్ల ముందు నువ్వే చెప్పు. రెండు వారాలు ఊరంతా వాణ్ణి తిట్టుకుంటుంది. ఈలోగా మనం ఊపిరి పీల్చుకుంటాం."

"వాడు చేసిన తప్పేంటి?"

"తప్పుతో పనేముంది ఇప్పుడు?" అన్నాడు నజ్మి. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

బెద్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. వెలి అంటే ఏమిటో ఈ మనిషికి ఏం తెలుసు? వెలి వేసిన ఆటగాణ్ణి ఇంటికి పంపరు. రోజూ రమ్మంటారు. జట్టంతా పచ్చిక మీద బంతితో ఆడుతుంటే వాడొక్కడూ స్టేడియం వెనకున్న బురద మైదానం చుట్టూ పరుగెత్తాలి. విసిగి, సిగ్గుపడి, తనంతట తనే ఒప్పందం చింపుకొని పోయేదాకా పరుగెత్తాలి. స్టాండు పైన వరండాలోంచి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు, ఆగాడా లేదా అని.

బెద్రి ఒక చలికాలమంతా అక్కడే పరుగెత్తాడు. అప్పటికి అతను ఈ క్లబ్బు కెప్టెన్. మీసాలు రాకముందు నుంచీ ఎడమ వైపు డిఫెండరుగా ఆడాడు. ఇస్తాంబుల్‌లో ఒక పెద్ద క్లబ్బు పిలిస్తే వెళ్లి, రెండేళ్లు బెంచీ మీద కూర్చుని, ఇక్కడి వానా ఇక్కడి చేపలూ నయమనుకొని తిరిగొచ్చాడు. అలాంటివాణ్ణి అప్పటి కోచ్ విలేకర్ల ముందు నిలబడి, మనసు పెట్టి ఆడట్లేదన్నాడు. ఇప్పుడు నజ్మి నోట వచ్చినవీ ఆ మాటలే. ఆ బురదలోనే మోకాలు పోయింది, దాంతో ఆటా పోయింది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు, కోచ్‌నైతే ఏ ఆటగాడికీ ఆ మైదానం చూపించనని.

అన్నట్టే కోచ్ అయ్యాడు. ఊరికో ఏడాది. వెళ్లిన రోజున భుజాల మీద మోసేవాళ్లు, పంపించే రోజున వెల్వెట్ పెట్టెలో గాజు జ్ఞాపిక చేతిలో పెట్టేవాళ్లు. మధ్యలో ఉన్న మ్యాచ్‌లు ఎవరికీ గుర్తుండేవి కావు. ఇంట్లో ఆ జ్ఞాపికలు పేరుకుపోతే భార్య నుర్జాన్ ఒకదాన్ని వేడి గిన్నెల కింద పెట్టుకోవడం మొదలెట్టింది. అన్ని ఊళ్లు తిరిగినా ఒట్టు మాత్రం తప్పలేదు.

"నేను చెప్పను" అన్నాడు బెద్రి.

"అయితే ఆదివారం గెలువు" అన్నాడు నజ్మి, అతని టీ కూడా తనే తాగేస్తూ.

ఆదివారం స్టేడియం గేటు దగ్గర పొట్టేలు సిద్ధంగా ఉంది. జట్టు దశ బాగోలేనప్పుడల్లా కోస్తారు. ప్రెసిడెంటు బొటనవేలు రక్తంలో ముంచి ఒక్కో ఆటగాడి నుదుటన బొట్టు పెడతాడు, కెప్టెన్‌తో మొదలెట్టి. ఇమామ్ దువా చదివి ప్రార్థించాక పొట్టేలుని కోశారు. సన్నగా వాన పడుతోంది. కెమెరాలవాళ్లు గొడుగుల కింద చేరారు.

వరసలో మొదట షెరెఫ్ నిలబడ్డాడు, తల కాస్త వంచి. నజ్మి అతన్ని దాటిపోయి, రెండోవాడైన గోల్‌కీపర్ ఓర్కున్ నుదుటన బొట్టు పెట్టాడు. తర్వాత మూడోవాడికి. షెరెఫ్ తల వంచుకునే ఉన్నాడు. వాన నీళ్లు ముక్కు చివర నుంచి కారుతున్నాయి.

"ప్రెసిడెంట్ గారూ, ఒకణ్ణి మర్చిపోయారు" అన్నాడు బెద్రి.

"మర్చిపోలేదు."

"పొట్టేలుని కోశారు కదా. అది చాల్లేదా, మనిషి కూడా కావాలా?"

కెమెరాలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. నజ్మి నవ్వాడు, పళ్లు మాత్రమే. బెద్రి వంగి, తన బొటనవేలు రక్తంలో అద్ది, షెరెఫ్ నుదుటన పెట్టాడు. అదే వేలు నజ్మి కంట్లో పొడవకుండా ఆపుకోవడం అతనికి ఆ రోజు మ్యాచ్ కంటే కష్టమైంది.

ఆ మ్యాచ్ గెలిచారు. ఆఖరి నిమిషాల్లో కార్నర్ నుంచి వచ్చిన బంతిని షెరెఫ్ తలతో కొట్టాడు, నుదుటి మీద ఆ బొట్టు మరక ఇంకా పోకుండానే. స్టేడియం దద్దరిల్లింది. షెరెఫ్ పరుగెత్తుకొచ్చి బెద్రిని వాటేసుకున్నాడు. "మీ రుణం ఈ జన్మలో తీరదు గురువుగారూ" అన్నాడు చెవిలో. బెద్రి నమ్మాడు.

మంగళవారం పొద్దున నజ్మి ఫోన్ చేశాడు. పరస్పర అంగీకారంతో విడిపోతున్నామట. బెద్రికి తెలియకుండానే బెద్రి అంగీకరించేశాడు.

"గెలిచాం కదండీ."

"గెలిచావు, కాదన్లేదు. కెమెరాల ముందు నన్ను గడ్డిపోచ చేశావు కూడా. మధ్యాహ్నం జ్ఞాపిక ఇస్తాం, సూటు వేసుకుని రా."

నుర్జాన్ సూటు ఇస్త్రీ చేస్తూ, "పోనీలే, వేడి గిన్నె కింద పెట్టుకోవడానికి నాకింకోటి తక్కువైంది" అంది. నవ్వించాలనే అంది. బెద్రి నవ్వలేదు.

స్టేడియం హాల్లో పూలు పెట్టారు. నజ్మి బెద్రి సేవల గురించి కాగితం చూడకుండా మాట్లాడాడు, అన్ని ఊళ్ల ప్రెసిడెంట్లూ మాట్లాడినట్టే. గాజు పలక చేతికిచ్చి, ఫొటో కోసం భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి విదిలించుకోవాలని బెద్రి ఒళ్లంతా రగిలింది. తర్వాత నజ్మి పక్కకు జరిగి, "మన కొత్త గురువుగారు, కొత్త కోచ్" అన్నాడు.

తలుపు దగ్గర నుంచి షెరెఫ్ వచ్చాడు. ఒంటి మీద కొత్త సూటు. గోల్ కొట్టినప్పటి నుంచి ఊరు అతని పేరే పలవరిస్తోంది. మొన్న ఎవణ్ణి జనం ముందుకు తోసేయాలన్నాడో ఇవాళ వాడి చాటునే నజ్మి దాక్కున్నాడు.

షెరెఫ్ వంగి బెద్రి చెయ్యి అందుకోబోయాడు, పెద్దలకు మొక్కినట్టు ముద్దుపెట్టి నుదుటికి ఆనించుకుందామని. బెద్రి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. హాల్లో కుర్చీలు కదిలాయి.

"ఏం చెయ్యమంటారు గురువుగారూ" అన్నాడు షెరెఫ్ గొంతు తగ్గించి. "కోచ్‌గా ఉండమని మళ్లీ మళ్లీ అడుగుతారా ఎవరైనా? నేను కాకపోతే ఇంకెవణ్ణో తెస్తారు."

"అది కాదు నేనడిగేది. నజ్మి నీకు మొదటి పని ఏం చెప్పాడు?"

షెరెఫ్ నేల చూపులు చూశాడు.

"ఎవణ్ణి వెలెయ్యమన్నాడ్రా?"

"రెండు వారాలే గురువుగారూ. జనం కాస్త చల్లబడే దాకా."

"ఎవణ్ణి?"

"ఓర్కున్‌ని. గోల్స్ వదిలింది వాడే కదా అంటున్నారు."

"అంటున్నారా? నువ్వేమన్నావు?"

షెరెఫ్ కొత్త సూటు గుండీ సర్దుకున్నాడు. మనిషి మంచివాడే. ఆ మంచితనమే బెద్రికి మింగుడు పడలేదు. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి పోవచ్చు. ఇలాంటివాణ్ణి ఏం చేసుకోవాలి? బెద్రి గాజు పలక తీసి అతని చేతుల్లో పెట్టాడు.

"ఉంచుకో. పేరొక్కటి మార్పించుకుంటే చాలు. మిగతా మాటలన్నీ నీకూ సరిపోతాయి."

మెట్లు దిగి ముందు గేటువైపు పోవాల్సినవాడు వెనక్కి తిరిగాడు. ఎందుకు తిరిగాడో అతని కాళ్లకే తెలియాలి. వెనక మైదానంలో ఓర్కున్ అప్పుడే పరుగెత్తుతున్నాడు. మోకాళ్ల దాకా బురద. జట్టు బూట్లు ఇవ్వలేదు కాబోలు, పాత కాన్వాసు బూట్లతో జారుతూ పరుగెత్తుతున్నాడు.

బెద్రి కంచె పట్టుకొని నిలబడ్డాడు. ఆ చలికాలంలో ప్రతి చుట్టుకీ తను ఈ కంచె వైపే చూసేవాడు, ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. తోటి ఆటగాళ్లు కూడా తలలు తిప్పుకొని బస్సెక్కేవాళ్లు.

"ఓర్కున్, ఆపు. ఇంటికి పో."

"ఆపితే పైనుంచి చూస్తారు గురువుగారూ."

"చూడనీ. నేను చెప్తున్నా, ఆపు."

"మీరిప్పుడు కోచ్ కాదు కదా" అన్నాడు ఓర్కున్. పొగరుతో కాదు, నిజం చెప్పాడు. చెప్పి, ముందుకు సాగిపోయాడు.

బెద్రి కంచె గేటును కాలితో తన్నాడు. తుప్పు గడియ ఊడి పడింది. లోపలికి వెళ్లి, పాడు మోకాలు నొక్కుకుంటూ, ఓర్కున్ తిరిగొచ్చే దారికి అడ్డంగా ఆ బురదలో చతికిలబడ్డాడు, ఇస్త్రీ సూటుతోనే. ఒక పక్క కంచె, ఇంకో పక్క వాన నీటి గుంట. అతన్ని దాటాలంటే మీద కాలేసి పోవాలి.

"రా, తొక్కుకుంటూ పో చూద్దాం" అన్నాడు.

ఓర్కున్ వేగం తగ్గించాడు. పై వరండాలోకి ముందు నజ్మి, అతని వెనక చేతిలో గాజు పలకతో షెరెఫ్ వచ్చి నిలబడ్డారు. నజ్మి ఏదో అరిచాడు. బెద్రి తలెత్తి నజ్మిని చూడలేదు, షెరెఫ్‌నే చూశాడు.

షెరెఫ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఓర్కున్ మాత్రం ఆగాడు. బూట్లు విప్పి చేత్తో పట్టుకొని, బెద్రి పక్కన బురదలో కూర్చున్నాడు.