కుటుంబ శ్రమ

హెల్మెట్ పాపమ్మ తలకు పట్టలేదు. ఆమె కొప్పు పెద్దది. భీమశంకరం లోపలి పట్టీని రెండు మెట్లు వదులు చేసి మళ్ళీ పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేసి ట్యాబ్ పైకెత్తాడు.

“కాస్త ఇటు తిరగమ్మా, వెనకాల గెల కనబడాలి. నెల్సనూ, రెండో చేతికి గ్లవుజేదీ?”

“ఒకటే ఇచ్చారండీ మేష్టారు. రెండోది ఆడికిచ్చారు” అన్నాడు నెల్సన్, పక్కనున్న కూలీని చూపించి.

“అయితే ఆ చెయ్యి గడ వెనక్కి పెట్టు.”

పామాయిల్ తోటలో మొదటి వరుస చెట్ల కింద నలుగురూ నిలబడ్డారు. నలుగురి తలల మీదా పసుపు హెల్మెట్లు. నెల్సన్ చేతిలో గెలలు కోసే అల్యూమినియం గడ, దాని కొసన బిగించిన కొడవలి చెట్టు మొవ్వు దాటి పైకి పోయింది. ఫొటో పడింది. కింద తేదీ, టైమూ వాటంతటవే అచ్చయ్యాయి. తొమ్మిదీ నలభై రెండు.

భీమశంకరం హెల్మెట్లు వెనక్కి తీసుకుని, భుజమ్మీది తువ్వాలుతో ఒక్కోదాని లోపలా తుడిచి, గోనెసంచిలో వేసి, బండి వెనక కట్టుకున్నాడు. ఆ నాలుగు హెల్మెట్లూ మార్చిలో వచ్చాయి. పెదవేగి చుట్టుపక్కల ఆయన చూసే తోటలు అరవై రెండు.

ఆయనకు యాభై నాలుగేళ్ళు. సన్నటి మనిషి. హెల్మెట్లయితే మోస్తాడు గానీ ఎండకు తన తల మీద తువ్వాలే. మెడ వెనక చర్మం కాలిన ఇటుక రంగుకు తిరిగింది. బండి మీద వంగి వంగి కుడి భుజం ఎడమదాని కంటే కిందకు దిగింది. ఎవరు కనబడ్డా ముందు ఆయనే నమస్కారం పెడతాడు. అందుకే ఏ రైతూ గేటు దగ్గర ఆపడు.

ఆయన పని చెప్పడం తేలికే. ఎక్కడో విదేశంలో ఒక బిస్కెట్ల కంపెనీ ఉంది. తన బిస్కెట్లలో పడే నూనె అడవిని నరికి గానీ, నీటిని పాడుచేసి గానీ, పనివాళ్ళను బాధపెట్టి గానీ వచ్చింది కాదని దానికి రుజువు కావాలి. ఆ రుజువు అది నూనె మిల్లును అడిగింది. మిల్లు హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీని అడిగింది. కన్సల్టెన్సీ భీమశంకరాన్ని పెట్టుకుంది. ఆ బిస్కెట్ ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు.

అంతకుముందు కొల్లేరు వైపు రొయ్యల షెడ్లకు ఇదే పని మీద వెళ్ళేవాడు. మంచుగడ్డల్లోంచి రొయ్యలు తీసి ఒలుస్తున్న ఆడవాళ్ళను “రోజుకెన్ని గంటలమ్మా?” అని అడిగితే, వాళ్ళు సూపర్వైజరు వైపు ఓసారి చూసి “ఎనిమిదండీ” అనేవారు. వాళ్ళ వేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా, ముడతలు పడి ఉండేవి. ఆయన ఎనిమిదని రాసేవాడు. అంతకుముందు పెంటపాడులో వరి చేలకు నీళ్ళ లెక్క. అంతకుముందు అత్తిలిలో ఎరువుల కొట్టు. ప్రాజెక్టు మారినప్పుడల్లా మెడలో ఐడీ కార్డు తాడు రంగు మారేది. సాయంత్రం ఏలూరులో ఇంటికి చేరగానే భార్య బాలసరస్వతి “ఇవాళ ఎన్నండీ?” అంటుంది. ఆయన “పదకొండు” అనో “తొమ్మిది” అనో అంటాడు. ఆ ఫారాల్లో ఏముంటుందని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో ఆయనకీ తెలియదు.

బండి తీస్తుంటే నెల్సన్ దగ్గరికొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. గడ మోసి మోసి మెడ పక్కన కాయ కాసింది.

“మేష్టారండీ, నా పేరు రాశారాండీ?”

“ఏ పేరు?”

“అదేనండీ, పోయినేడు చెప్పాను కదండీ. మిల్లోళ్ళ లిస్టులో పేరుంటే ఇన్సూరెన్సు కడతారంట కదా. మా ఇంటిది పాపమ్మది రాయకపోయినా పర్లేదండీ. గడ పట్టేది నేను కదా.”

“రాస్తాను నెల్సనూ.”

“ఆయ్” అని నెల్సన్ నవ్వాడు.

“ఆఖరి వరుస దగ్గర జాగ్రత్త. తీగలు చాలా కిందకున్నాయి.”

“రెండేళ్ళ నుంచీ కోస్తన్నానండీ. తీగ ఎక్కడుందో నా చేతికి తెలుసండీ.”

తోట తూర్పు హద్దు మీదుగా కరెంటు లైను పోతుంది. మొక్కలు నాటినప్పుడు దానికీ వాటికీ సంబంధం లేదు. పద్నాలుగేళ్ళలో చెట్లు తీగల్లోకి పెరిగాయి. ఫారం చివర ‘ఇతర గమనికలు’ అని ఒక గడి ఉంటుంది. అందులో భీమశంకరం మూడుసార్లు రాశాడు: ‘ఆఖరి వరుస మీదుగా తీగలు. ఎత్తు చాలదు. గెలలు కోయడం ప్రమాదం.’ ఆ గడి ఎవరూ చదవరని రెండోసారి రాసినప్పుడే ఆయనకు అర్థమైంది. మూడోసారి అలవాటు కొద్దీ రాశాడు.

గట్టు మీద కూర్చుని ఫారం తెరిచాడు. పంతొమ్మిదో ప్రశ్న: ‘తోటలో బయటి కూలీలు పనిచేస్తున్నారా?’ అవునని నొక్కితే ఇంకో నలభై ఒక్క ప్రశ్నలు తెరుచుకుంటాయి. కూలీల పేర్లు, వయసు, బీమా, తాగునీరు, రక్షణ. కాదంటే ‘కుటుంబ శ్రమ’ అని ఒక్క ముక్క పడి ఫారం ముందుకు పోతుంది. ఆయన వేలు అవును మీదకు వెళ్ళింది. అప్పుడే ఫోను మోగింది. కన్సల్టెన్సీలో మేనేజరు ఇందుజ.

“సార్, అచ్యుతరావు గారి తోటలో ఉన్నారా? ఎప్పటిలాగే ఫ్యామిలీ లేబర్ అని పెట్టేయండి. రేపే ఆడిట్. ఇప్పుడు కూలీలని పెడితే ఆ నలభై ప్రశ్నలకీ కాగితాలు చూపించాలి. మన దగ్గరేం ఉన్నాయి సార్?”

“ఒకతను పేరు రాయమని అడుగుతున్నాడమ్మా. పోయినేటి నుంచి.”

“వచ్చే ఆడిట్ సైకిల్లో చూద్దాం సార్. ప్లీజ్.”

ఆమె మంచి పిల్లే. సార్ అనకుండా మాట్లాడదు. భీమశంకరం ‘కాదు’ నొక్కాడు. ఫొటో కింద ‘రక్షణ పరికరాలతో కుటుంబ సభ్యులు’ అని రాశాడు. ఫారం వెళ్ళిపోయింది. సిగ్నల్ చాలక ఫొటో ట్యాబ్‌లోనే ఆగింది.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా, అక్కడికి ఆరు కిలోమీటర్ల అవతల ఇంకో తోటలో, పెరుగన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. అచ్యుతరావు ఫోను చేశాడు.

“భీమశంకరం గారూ, పొద్దున్న ఫారం పంపేశారాండీ?”

“పంపేశానండీ. ఏం?”

“మంచిదైందండీ. ఓసారి రండి.”

వెళ్ళేసరికి పోలీసు జీపు తోట చివరిదాకా వచ్చి ఆగి ఉంది. తూర్పు హద్దున, ఆఖరి వరుసలో, కొట్టిన మట్టల మీద నెల్సన్‌ను పడుకోబెట్టారు. కప్పిన దుప్పటి కాళ్ళదాకా చాలలేదు. కుడి అరికాల్లో రేగుపండంత నల్లమచ్చ. పాపమ్మ ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. మచ్చను బొటనవేలితో తుడుస్తోంది, మట్టి అంటుకుందేమో అన్నట్టు.

గెల కోస్తుండగా గడ తీగకు తగిలిందట. అరుపు కూడా వినబడలేదట.

ఎస్సై చిన్న వయసువాడు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాసుకుంటున్నాడు. పక్కన అచ్యుతరావు నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. 

“మాకు కూలీలెవరూ లేరండీ” అంటున్నాడు అచ్యుతరావు. “నేనూ మా తమ్ముడూ కోసుకుంటాం. మట్టలు కొట్టుకుపోదామని వచ్చుంటాడు. ఇదిగో, ఈయన్ని అడగండి. కంపెనీ తరఫున వచ్చి ఈయనే రాశారు, ఇవాళ పొద్దున్నే. అంతా కుటుంబ శ్రమేనని.”

ఎస్సై తలెత్తాడు. “మీరే రాశారా?”

అంతలో భీమశంకరం ఫోను మోగితే పక్కకు వెళ్ళి ఎత్తాడు. ఇందుజ.

“తెలిసింది సార్. చాలా బాధగా ఉంది. సార్, పొద్దుటి ఫొటో ఇంకా మాకు రాలేదు. మీ ట్యాబ్‌లోనే ఉన్నట్టుంది. తీసేయండి. రికార్డు ప్రకారం ఆ తోటలో వర్కర్ లేడు. లేని వర్కర్‌కి యాక్సిడెంట్ ఎలా అవుతుంది సార్?”

ఆయన ఫోను జేబులో వేసుకుని వెనక్కి వచ్చాడు. పాపమ్మ ఇంకా ఆ మచ్చ తుడుస్తూనే ఉంది. ఇరవయ్యేళ్ళుగా ఆయన చేత ఎవరెవరో ఏదేదో రాయించారు. ఎప్పుడూ ఎవరూ ఇలా ఎదురుగా పడుకుని లేరు.

ట్యాబ్ తెరిచి ఫొటో ఎస్సైకి చూపించాడు. “ఈయనండీ. పొద్దున్న తొమ్మిదీ నలభై రెండుకి. ఈ తోటలోనే. కూలీయేనండీ. రెండేళ్ళ నుంచీ ఇక్కడే కోస్తున్నాడు.”

ఎస్సై ఫొటోను పెద్దది చేసి చూశాడు. “హెల్మెట్ పెట్టుకున్నాడే. అంటే మీరిచ్చిన హెల్మెట్ తీసేసి పనిచేశాడన్నమాట.”

“అదేనండీ” అచ్యుతరావు అందుకున్నాడు. “ఎంత చెప్పినా వినరండీ వీళ్ళు.”

“ఇందాక మీ మనిషి కాదన్నారు?” అన్నాడు ఎస్సై.

అచ్యుతరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

“అతను తియ్యలేదండీ” అన్నాడు భీమశంకరం. “నేనే తీసుకెళ్ళాను. మా దగ్గర నాలుగే ఉన్నాయండీ. ఫొటో తీసుకుని, మళ్ళీ పట్టుకుపోతాను. ఇంకో తోటలో ఇంకో నలుగురికి పెడతాను. నా బండి మీద సంచిలో ఉన్నాయి, చూసుకోండి.”

ఎస్సై బండి మీది సంచి వంక చూశాడు. “అది ఉంటే బతికేవాడా?”

“లేదండీ. కరెంటుకి హెల్మెట్ ఏం చేస్తుందండీ.”

“మరి ఇదంతా ఎందుకండీ?”

 ఎస్సై కాగితం జరిపి వాంగ్మూలం రాయమన్నాడు. భీమశంకరం బానెట్ మీద వంగి, ముత్యాల్లాంటి అక్షరాలతో మొదలుపెట్టి, రెండో పంక్తిలో ఆగిపోయాడు. రెండేళ్ళుగా ఫొటోలు తీసిన మనిషి ఇంటిపేరు ఆయనకు తెలియదు.

పాపమ్మ దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాడు.

“ఇంటిపేరేంటమ్మా?”

ఆమెకు మొదట ప్రశ్న అందలేదు. తర్వాత అంది, “మద్దాల అండీ. మద్దాల నెల్సను. మావగారు ఏసుపాదం.” ఆయన చేతిలో కాగితం చూసింది. “ఇప్పుడు రాస్తన్నారాండీ మేష్టారు?”

ఆయన తల వంచుకుని రాశాడు. బయటి కూలీ అని రాశాడు. పొద్దుటి ఫారంలో తాను రాసింది అబద్ధమని రాసి, కింద సంతకం పెట్టాడు. ఆ మాట రాయడానికి పట్టినంతసేపు ఇరవయ్యేళ్ళలో ఏ ఫారానికీ పట్టలేదు.

నాలుగున్నరకు అంబులెన్సు వచ్చింది. శవాన్ని ఏలూరు తీసుకెళ్ళారు. పాపమ్మ వెనక కూర్చుంది. తలుపు వేసేటప్పుడు కూడా ఆమె చెయ్యి ఆ పాదం మీదే ఉంది. అచ్యుతరావు భీమశంకరం పక్కనుంచి పోతూ ఆగాడు. “నా గేటు ఎప్పుడన్నా మూశానాండీ మీకు?” అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఇందుజ మళ్ళీ ఫోను చేసింది. గొంతు ఇంకా మర్యాదగానే ఉంది. “రేపు ఆడిట్‌కి మీరు రావద్దు సార్. ట్యాబ్, ఐడీ కార్డు ఏలూరు ఆఫీసులో ఇచ్చేయండి.”

“అలాగేనమ్మా” అన్నాడాయన.

మర్నాడు ఆడిట్ జరిగింది. అచ్యుతరావు తోట ‘స్వచ్ఛందంగా వైదొలగింది’ అని జాబితాలోంచి తీసేశారు. మిగతా అరవై ఒక్క తోటలకూ సర్టిఫికెట్ వచ్చింది. భీమశంకరం ఇప్పుడు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో లారీల చీటీలు రాస్తున్నాడు. పాపమ్మ పెట్టుకున్న పరిహారం కేసు ఏడాదిగా వాయిదాలు పడుతోంది. ప్రతి వాయిదాకీ ఆయన సాక్షిగా పోతాడు. అవతలి వకీలు ప్రతిసారీ ఒకటే అడుగుతాడు: “ఫారంలో కూలీలు లేరని రాసిందీ మీరే, ఉన్నారని ఈ కాగితం రాసిందీ మీరే. ఏది అబద్ధమండీ?” ఆయన ప్రతిసారీ “మొదటిదండీ” అంటాడు. పాపమ్మ వెనక బల్ల మీద కూర్చుని వింటుంది. 

నెల్సన్ పోయిన ఆ సాయంత్రం అంబులెన్సూ జీపూ వెళ్ళిపోయాక తోటలో ఆయన ఒక్కడే మిగిలాడు. బండి తియ్యబోతూ ఎందుకో తలెత్తి చూశాడు. ఆఖరి వరుసలో మూడో చెట్టుకు నెల్సన్ కోస్తూ వదిలేసిన గెల ఉంది. కాడ ముప్పాతిక తెగి, మిగిలిన పీచు మీద బరువంతా వేలాడుతోంది. గాలి లేకపోయినా మెల్లగా తిరుగుతోంది. పండిన కాయ ఒకటి ఊడి, కింద నలిగిన మట్టల మీద పడింది. కాసేపటికి ఇంకొకటి.